తుపాకీ దించి దుర్భిణి పట్టారు

మన వసంతం చైత్రంతో వచ్చేస్తుంది. అమెరికా తూర్పు తీరంలో పక్షుల సంఘాలవాళ్లకు అసలైన వసంతం మే నెలే. దక్షిణ దేశాల్లో చలికాలం గడిపిన వార్బ్లర్ పిట్టలు రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి ఆకలితో చెట్లమీద వాలతాయి. బోస్టన్ పక్కన మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆ వేళకే దుర్భిణులు మెళ్లో వేసుకున్న గుంపులు తిరుగుతుంటాయి. ఓక్ కొమ్మలింకా ఆకుతో నిండవు కాబట్టి పిట్ట కంటికి ఆనుతుంది. ముందున్నవారు కొమ్మల్ని గడియారం ముఖంగా అనుకుని, ‘మూడు గంటల దగ్గర’ అని మెల్లగా చెబుతారు. అక్కడ ఆండీస్ కొండల నుంచి వచ్చిన బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ ఉంటుంది. బరువు పది గ్రాములు, గొంతు మాత్రం నిప్పుకణిక.

1873లో బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలో నటాల్ పక్షిశాస్త్ర సంఘం పుట్టేనాటికి పిట్టను గుర్తుపట్టాలంటే ముందు కాల్చాల్సిందే. ఈకల టోపీల వ్యాపారం అంతకన్నా ఘోరం. 1886లో పక్షిశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ చాప్‌మన్ న్యూయార్క్ వీధుల్లో ఆడవాళ్ల టోపీలు 700 లెక్కపెడితే 542 టోపీలకు ఈకలున్నాయి. వాటిలో 40 జాతుల పక్షులను ఆయన పోల్చుకున్నారు.

అదే ఏడాది స్మిత్ కాలేజీ విద్యార్థిని ఫ్లోరెన్స్ మెరియమ్ తోటి అమ్మాయిలను కూడగట్టి పక్షుల రక్షణకు ఆడుబాన్ సంఘం పెట్టారు. ప్రకృతి రచయిత జాన్ బరోస్‌ను పిలిపించి, అందరినీ పొద్దున్నే పొలాల వెంట నడిపించారు. ఈకలు మానమని ఉపన్యాసాలివ్వడం కన్నా బతికున్న పిట్టను చూపించడమే మేలని ఆమెకు తెలుసు. 1889లో ఆమె రాసిన పుస్తకం ‘బర్డ్స్ త్రూ ఏన్ ఒపెరా గ్లాస్’. నాటకాలకు తీసుకెళ్లే చిన్న దుర్భిణే ఆ పుస్తకం చెప్పే పనిముట్టు.

పక్షి వీక్షణ చరిత్రను చాలామంది 1934లో రోజర్ టోరీ పీటర్సన్ వేసిన పక్షుల గైడుతో మొదలుపెడతారు. అది నాకు న్యాయంగా తోచదు. బొమ్మల మీద బాణపుగుర్తులతో ఆనవాళ్లు చూపిన ఆ గైడు గొప్పదే. కానీ దాన్ని కొనుక్కుని బయల్దేరడానికి అప్పటికే ఊరూరా నడిచేవాళ్లున్నారు. బ్రూక్లైన్ పక్షి సంఘం 1913 నాటిది. పీటర్సన్ కూడా న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాళ్ల పక్షి సంఘంతో తిరిగి రాటుదేలినవాడే.

1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం వచ్చి వేట చాలావరకు ఆగింది. అయినా పక్షులు తగ్గుతూనే ఉన్నాయి. 1970 నుంచి ఉత్తర అమెరికాలో సుమారు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ లెక్కకు ఆధారమైన వివరాల్లో చాలా భాగం జీతంభత్యం లేకుండా దుర్భిణి పట్టుకు తిరిగిన మామూలు మనుషులు ఏళ్ల తరబడి రాసిపెట్టినవే.