మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా

క్రీ. శ. 1354 ప్రాంతమున మొరాకో రాజధానియగు ఫెజ్ నగరములో ఒక నడివయసు పండితుడు హిందూదేశపు విశేషములు చెప్పుచుండగా, వినువారు అవి కల్లలని గుసగుసలాడుకొనుచుండిరి. ఢిల్లీ సుల్తాను ప్రయాణమునకు బోవునప్పుడు నగరవాసుల కందరకు ఆరు మాసముల గ్రాసమిచ్చునట! తిరిగి వచ్చునప్పుడు నాణెముల మూటలను యంత్రములతో జనుల మీదికి విసరించునట! ఇట్టి మాటలను ఆ సభలో నమ్మినవారు అరుదు. ఆ పండితుడే ఇబన్ బతూతా.

అతడు 1304 ఫిబ్రవరిలో, జిబ్రాల్టరు జలసంధి సమీపమున నున్న టాంజీరు పట్టణమున, న్యాయాధికారులను గన్న ఒక బెర్బరు కుటుంబమున జన్మించెను. 1325 జూన్‌లో, ఇరువదియొక్క యేండ్ల వయసున, తల్లిదండ్రుల విడిచి మక్కాయాత్రకు ఒంటరిగా బయలుదేరెను. మక్కా చేరిన పిమ్మటను అతని పాదములు నిలువలేదు. పారశీకము, తూర్పు ఆఫ్రికా తీరము, తురుష్క దేశము, మధ్య ఆసియా చూచి, 1333లో సింధునది నొడ్డునకు వచ్చెను.

అప్పుడు ఢిల్లీ నేలుచున్నవాడు మహమ్మద్ బిన్ తుగ్లక్. పరదేశపు పండితులన్న ఆతనికి మక్కువ మెండు. ఇబన్ బతూతాకు పారశీక భాష సరిగా రాకున్నను, సంవత్సరమునకు 12,000 దీనారముల వేతనముతో ఢిల్లీ కాజీ పదవి నిచ్చి, సహాయకులను గూడ నియమించెను. ఈయన ఖర్చు ఆదాయమును మించెను. 55,000 దీనారముల అప్పు పడగా, దానిని సుల్తానే తీర్చవలసి వచ్చెను! అయితే ఆ చేతి దానమెంతటిదో ఆ చేతి కత్తియు నంతటిదే. సుల్తాను ఆగ్రహమునకు గురియైన ఒక ఫకీరును దర్శించినాడన్న నెపమున ఇబన్ బతూతా చుట్టు కావలి పెట్టిరి. ప్రాణముపై ఆశ వదలుకొని అతడు దినములతరబడి ఉపవాస ప్రార్థనలతో గడపెను. ఉపకారి యని సుల్తాను క్రౌర్యమును కప్పిపుచ్చక, క్రూరుడని ఔదార్యమును మరువక, రెండును వ్రాయించుట ఆ గ్రంథమునకు వన్నె తెచ్చినది.

తెలుగుదేశమును అతడు స్వయముగా చూడలేదు. కాని దానిని "తిలింగ్" అని పేర్కొని, ఢిల్లీకి మూడు నెలల ప్రయాణ దూరమున నున్నదని తెలిపినాడు. ఈ సుల్తానే 1323లో, యువరాజుగా నున్నప్పుడు, ప్రతాపరుద్రుని ఓరుగల్లును పట్టుకొన్నవాడు. పిమ్మట దక్షిణమున మాబారు తిరుగుబాటు నణచుటకు పోవుచు, తెలుగునేలపై విడిసినప్పుడు మహామారి సోకి సైన్యములో పెక్కుమంది మడిసిరని ఇబన్ బతూతా చెప్పినాడు. కొలదికాలమునకే, 1336 ప్రాంతమున, కాపయ నాయకుడు ఓరుగల్లును విడిపించెను. సైన్యము దెబ్బతిన్న తీరు తెలియనిచో ఆ విజయము పూర్తిగా బోధపడదు.

తరువాత సుల్తాను అతనిని చైనాకు రాయబారిగా పంపగా, కోళిక్కోడు రేవులో కానుకల నౌక తుపానుకు పగిలిపోయెను. అతడు ఒడ్డున నుండుటచే బ్రతికెను. ఢిల్లీకి మరలిపోవ భయపడి, మాల్దీవులలో కాజీగా నుండి, సింహళము, మధుర, సుమత్రాల మీదుగా చైనాకు సాగెను. మధ్యలో సముద్రపు దొంగలు సమస్తము దోచుకొనిరి. బుఖారాలోని పండితుల సమాధులపైనుండి వ్రాసికొన్న ప్రతులు గూడ పోయినవి.

1349లో స్వదేశము చేరునప్పటికి తండ్రి గతించి చాలకాలమైనది. తల్లి కొన్ని మాసముల ముందే ప్లేగుచే మరణించినది. పిదప సహారా ఎడారి దాటి మాలి రాజ్యమును చూచివచ్చిన యాతనిని, సుల్తాను అబూ ఇనాన్ యాత్రావృత్తాంతము చెప్పుమని ఆజ్ఞాపించి, ఇబన్ జుజయ్ అను యువకవిని లేఖకునిగా నిచ్చెను. ముప్పదియేండ్ల ప్రయాణము చాలవరకు జ్ఞాపకమునుండియే వెలువడవలసి వచ్చినది. 1355 డిసెంబరులో అది ముగిసెను. లేఖకుడు డమాస్కసు మొదలగు చోట్ల వర్ణనలను పూర్వయాత్రికుడైన ఇబన్ జుబైర్ గ్రంథమునుండి తీసికొనెను. చైనా భాగమును పండితులు నేటికిని శంకింతురు. ఇవి చిన్న లోపములు కావు. అయినను హిందూదేశ భాగమున అతడు చూచినవాడే యని పుటపుటను తెలియుచున్నది.

ఆనాటి శంక చరిత్రకారుడు ఇబన్ ఖల్దూనునకు గూడ కలిగినది. అతడు మంత్రియగు ఫారిస్‌తో ఆ మాట ననగా, మంత్రి ఒక కథ చెప్పెను. చెరసాలలో పెరిగిన బాలుడొకడు గొర్రె యెట్లుండునని తండ్రి నడిగెనట. తండ్రి యెంత వర్ణించినను, "ఎలుకవంటిదా?" యనెనట. వాడు ఎలుకలను దప్ప మరి యే జంతువును చూచి యెరుగడు! ఇబన్ ఖల్దూను దీనిని తన గ్రంథములో నిలిపినాడు.

ఇబన్ బతూతా మొరాకోలో ఒక ఊర కాజీగా శేషజీవితము గడపి, 1368-69 ప్రాంతమున మరణించెను. గ్రంథము ఐరోపావారికి శతాబ్దములపాటు సరిగా తెలియదు. 1830లో అల్జీరియాపై దండెత్తిన ఫ్రెంచివారికి వ్రాతప్రతులు చిక్కినవి. అవి పారిసు చేరి, 1853-1858 నడుమ నాలుగు సంపుటములుగా అచ్చుపడినవి. హిందూదేశము, మాల్దీవులు, సింహళములకు చెందిన భాగము ఆంగ్లానువాదముగా 1953లో బరోడాలో వెలువడినది.