చేటంచు మీద సరిగమలు

హార్మోనియం ఎవరిదని అడిగితే మనలో చాలామందిమి ఠక్కున “మనదే” అంటాం. నాటకంలో పద్యం అందుకునేముందు వినిపించేది అదేగా! అలాంటి పెట్టెకు పుట్టిల్లు వేరే ఉందని తెలుసుగానీ, ఆ వైపు వెళ్ళే అవకాశం నాకు అనుకోకుండా వచ్చింది.

పారిస్‌లో ఉంటున్న మా చెల్లెలు ఒక జూలైలో నన్ను మధ్య ఫ్రాన్సులోని లా షాత్ర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడి ఆర్స్ కోట తోటలో జానపద వాద్యాలు చేసేవాళ్ళ ఉత్సవం. 1976లో దగ్గర్లోని సాన్ షార్తియేలో మొదలై, 2009లో ఈ కోటకు మారిందట. రచయిత్రి జార్జ్ సాండ్ తిరిగిన నేల అది. 1853లో ఆవిడ తిత్తివాద్యగాళ్ళ మీద ఒక నవలే రాసింది. మగపేరు పెట్టుకున్న రచయిత్రి ఆవిడ. మన దగ్గర ఒకప్పుడు మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాశారని చెప్తే మా చెల్లెలు పడీపడీ నవ్వింది.

చెట్ల కింద బల్లలేసుకుని, ఎవరు చేసిన వాద్యాలు వాళ్ళు పెట్టుకు కూర్చున్నారు. ఒక పెద్దాయన ముందు చిన్న చెక్కపెట్టెలు, మధ్యలో మడతల తిత్తి, పక్కన బొత్తాలు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మెలోడియన్ అంటారు. లోపలి రీడు చూపించాడు. సన్నని లోహపు రేకు, గాలి తగిలితే కంపించి పలుకుతుంది. మన హార్మోనియంలోదీ అదే సూత్రం!

1829లో వియన్నాలో డేమియన్ అనే ఆయన అకార్డియన్‌కు హక్కులు తీసుకున్నాడు. 1842లో పారిస్‌లో దెబాన్ హార్మోనియానికి తీసుకున్నాడు. అది కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కి వాయించేది. తర్వాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఊపి, రెండో చేత్తో మెట్లు నొక్కే పెట్టెగా మార్చాడు. అలా మనింటి చాపమీదకు చేరింది.

చేరిందన్నమాటేగానీ, నిందలు తప్పలేదు. పరాయిదన్నారు. గమకాలు పలకవన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడానికి దారి లేదు మరి. 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది. 1971లోగాని, అదీ షరతులతోగాని, మళ్ళీ రానివ్వలేదు.

ఆ వెలి మా అమ్మమ్మకు తగిలింది. పెళ్ళిచూపుల్లో హార్మోనియం వాయించమన్నవాళ్ళే, కాపురానికొచ్చాక “రేడియోవాళ్ళే పనికిరాదన్న పెట్టె ఇంట్లో ఎందుకు?” అన్నారట. పెట్టె అటకెక్కింది. నేనెరిగి ఆవిడ దాని ముందు కూర్చోలేదు. కానీ బియ్యం ఏరుతూ, ఎవరూ చూడటంలేదనుకుని, చేటంచు మీద వేళ్ళు ఆడించేది. “ఏం వాయిస్తున్నావ్ అమ్మమ్మా?” అంటే, “రాళ్ళేరుతున్నానే!” అనేది. ఆవిడ వేళ్ళ పక్కన నా వేళ్ళూ పెట్టి ఆడించేదాన్ని.

పెద్దాయన మెలోడియన్ నా ఒళ్ళో పెట్టాడు. దాని తమాషా ఏమిటంటే, బొత్తాం ఒకటే, తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే మరొకటి. నొక్కితే స, లాగితే రి. పక్క బొత్తాం నొక్కితే గ, లాగితే మ. తర్వాత ప, ద. శంకరాభరణం వచ్చేస్తోందని సంబరపడ్డాను. అలవాటుకొద్దీ మళ్ళీ నొక్కేసరికి ని పలకాల్సినచోట పై స పలికింది! అక్కడ మాత్రం లాగడం మీద లాగడమే. ద తర్వాత ని కూడా లాగి, అప్పుడు నొక్కాలి. నాలుగుసార్లు తప్పి, అయిదోసారి మెట్లన్నీ ఎక్కాను. చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

“వేళ్ళకి అలవాటున్నట్టుంది, ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడాయన, చెల్లెలి ద్వారా.

“మా అమ్మమ్మ దగ్గర” అన్నాను.

చెల్లెలు చటుక్కున నా మొహంలోకి చూసింది. చేట సంగతి దానికీ తెలుసు.