మెయిలింగ్ లిస్టుల పుట్టుపూర్వోత్తరములు

ఒక సర్క్యులరును పది శాఖలకు తెలుపవలసి వచ్చినపుడు కార్యాలయములందు రెండు పద్ధతులు కలవు. పది ప్రతులు తీయించి వేర్వేరుగ పంపుట మొదటిది. ఒక్క ప్రతినే వరుసగ త్రిప్పి, చూచినవారిచే పొడి సంతకములు చేయించుట రెండవది. రెండింటికిని ఆధారము ఎవరెవరికి చేరవలెనో తెలుపు పేర్ల పట్టికయే. ఆ పట్టిక పాతబడినచో బదిలీయై పోయినవారి పేరిట కాగితములు పోవుచునే యుండును. క్రొత్తగ వచ్చినవారికి కబురే తెలియదు. కంప్యూటరు ద్వారా ఒకే ఉత్తరమును అనేకులకు చేర్చు మెయిలింగ్ లిస్టు చరిత్రయు ఇట్టి పట్టిక చరిత్రయే. దీనిని యంత్రముల వృత్తాంతముగ చెప్పుట వాడుక. ఆ పట్టికలను కాపాడిన మనుష్యుల సంగతి అంతగా ఎవరును చెప్పరు.

1969 అక్టోబరు 29వ తేదీన అమెరికా రక్షణశాఖవారి ధనసహాయముతో కాలిఫోర్నియాలోని రెండు పరిశోధన కేంద్రముల కంప్యూటర్లు మొదటిసారి కలుపబడినవి. అదియే ఆర్పానెట్. ఒక కంప్యూటరు నుండి వేరొక కంప్యూటరులోని వ్యక్తికి ఉత్తరము పంపు విధమును 1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు సాధించెను. వ్యక్తి పేరునకును యంత్రము పేరునకును నడుమ 'ఎట్' గుర్తును నిలిపినవాడు ఆయనయే. అంతవరకు ఆ గుర్తు వర్తకుల లెక్కలలో 'చొప్పున' అను అర్థమున బ్రతుకుచుండెను.

1975 జూన్ మాసమున స్టీవ్ వాకర్ అను ప్రభుత్వ పరిశోధనాధికారి, ఈమెయిలు ఏ రూపమున ఉండవలెనో ఆసక్తి గలవారందరును చర్చించుట మేలని తలచి ఒక గోష్ఠిని ప్రతిపాదించెను. దాని పేరు ఎమ్మెస్జీ గ్రూప్. ఉత్తరములను గూర్చి ఉత్తరములలోనే వాదము! దాని నిర్వహణ భారము ఐనార్ స్టెఫరుడ్ అను సలహాదారునిపై పడెను. తొలిదినములలో సభ్యులు వ్రాసిన ప్రతి లేఖయు ఆయనకు చేరెడిది. ఆయన దానిని స్వహస్తముతో తక్కినవారికి పంపెడివాడు. చేరగోరినవారి పేర్లు వ్రాసికొనుట, మానుకొన్నవారి పేర్లు కొట్టివేయుట, తప్పు చిరునామాతో తిరిగివచ్చిన లేఖల సంగతి చూచుట, ఇవన్నియు ఆయన పనులే. మన టపా గుమాస్తా పనికిని దీనికిని భేదము స్వల్పము. సభ్యులును సామాన్యులు కారు. లేఖ శిరోభాగమున ఏయే వివరములు ఉండవలెనను విషయముపై ఘోరముగ వాదులాడుకొనిరి.

కంఠస్వరము వినబడదు, ముఖకవళిక కానరాదు. పరిహాసముగ వ్రాసినది పరాభవముగ తోచెడిది. ఇది గమనించి 1979 ఏప్రిలులో కెవిన్ మెకంజీ అను సభ్యుడు, వేళాకోళపు మాట చివర విరామచిహ్నములతో ఒక చిన్న గుర్తు ఉంచుకొందమని సూచించెను. ఆ సూచనకు ఎగతాళియే ఎక్కువ దక్కినది. నేడు పిల్లలు ఫోనులలో పంపు నవ్వుముఖములకు ఆయన పూర్వికుడనుటలో తప్పులేదు.

అదే కాలమున వైజ్ఞానిక కల్పనాకథల ప్రియులకు 'ఎస్సెఫ్ లవర్స్' అను మరియొక జాబితా వెలసెను. రక్షణశాఖ తంతులపై గ్రహాంతరవాసుల కథలు! మన ఆడిట్ వారి కంట పడియున్నచో ఎన్ని ప్రశ్నలు పుట్టెడివో. లేఖలు మితిమీరగా, ఒకరు వానిని కూర్చి ఒక్క సంచికగ పంపు ఏర్పాటు వచ్చెను.

1981లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయమునకును యేల్ విశ్వవిద్యాలయమునకును నడుమ బిట్‌నెట్ ప్రారంభమయ్యెను. అచటను మొదట జాబితాలో చేరవలెనన్నచో కేంద్రమునందలి ఉద్యోగికి వ్రాసి వేచియుండవలసినదే. 1986లో పారిస్ నగరమున విద్యార్థిగా నుండిన ఎరిక్ తోమా ఈ తీరు సహింపలేక లిస్ట్‌సర్వ్ అను ప్రోగ్రామును క్రొత్తగ వ్రాసెను. 'సబ్‌స్క్రయిబ్' అను మాటతో ఒక లేఖ పంపినచో యంత్రమే పేరు చేర్చుకొనును. మానుకొనదలచినచో యంత్రమే తొలగించును. సముద్రము దాటు తంతిపై ఒకే ఉత్తరమునకు నూరు ప్రతులు పోకుండ, ఒక్క ప్రతి పోయి ఆవలి యొడ్డున పంచబడు ఉపాయమును గూడ అతడు కల్పించెను. 1992లో బ్రెంట్ చాప్‌మన్ వ్రాసిన మేజర్‌డోమో, తరువాత వచ్చిన మెయిల్‌మన్ ఇదే మార్గమున నడచినవి.

పేర్లు వ్రాయు చాకిరి యంత్రమునకు పోయినను నిర్ణయములు మనిషికే మిగిలినవి. ఎవరిని చేర్చుకొనవలెను? లేఖలను ముందుగ చదివి విడువవలెనా, నేరుగ పోనీయవలెనా? ప్రత్యుత్తరము వ్రాసినవానికే పోవలెనా, అందరికిని పోవలెనా? ఈ కడపటి ప్రశ్న చిన్నదిగ కనబడును. 2016 నవంబరు 14వ తేదీన ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవలో ఒక పరీక్షలేఖ పొరపాటున సుమారు 8,40,000 మంది ఉద్యోగులకు చేరెను. 'నా పేరు తీసివేయుడు' అని అనేకులు అందరికిని చేరునట్లు బదులు వ్రాసిరి. 75 నిమిషములలో సుమారు 50 కోట్ల లేఖలు పుట్టి యంత్రములు స్తంభించినవి. సభ్యత గల ఉద్యోగులే ఒకరినొకరు మందలించుకొనుచు ఆ సంఖ్యను పెంచిరి.

భారతదేశమున విద్యాసంస్థల కొరకు ఎర్నెట్ 1986లో ఆరంభమైనను, సామాన్యులకు ఇంటర్నెట్ లభించినది 1995 ఆగస్టు 15న. అప్పటికే అమెరికాలోని తెలుగు విద్యార్థులు తమలో తాము వ్రాసికొనుచుండిరి. ఐతే ఆనాటి ఈమెయిలు ఇంగ్లీషు అక్షరములనే మోయగలిగెడిది. రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్టీఎస్ అను లిప్యంతరీకరణ పద్ధతి ఈ కొరతను తీర్చెను. చిన్న 'టి' అక్షరమునకు త, పెద్ద 'టి' అక్షరమునకు ట. అలవాటు లేనివారికి అది సంకేతభాషవలె తోచెడిది. అలవడినవారు అందులోనే ఛందస్సును గూర్చి తర్కించిరి. పిమ్మట యాహూ గ్రూప్స్‌లో వెలసిన 'రచ్చబండ' వంటి గోష్ఠులు సాహిత్య చర్చలకు ఆటపట్టులైనవి. ఊరి రచ్చబండవలెనే అచటను పెద్దరికమున్నది, పేచీలున్నవి.

ఈ యాహూ గ్రూప్స్‌కు మూలమైన వన్‌లిస్ట్‌ను స్థాపించినవాడు మార్క్ ఫ్లెచర్. అది ఈగ్రూప్స్‌తో కలిసెను. 2000లో ఈగ్రూప్స్‌ను యాహూ కొనెను. ఖర్చు లేదు, యంత్రజ్ఞానముతో పని లేదు గనుక లోకమంతయు అచటికి చేరినది. 2019 అక్టోబరులో యాహూవారు పాత లేఖలను తొలగింతుమని ప్రకటించిరి. గడువును ఒకమారు పొడిగించి 2020 జనవరి ఆఖరు వరకు ఇచ్చిరి. 2020 డిసెంబరు 15న గ్రూప్స్ మూతపడినవి. దాదాపు ఇరువదేండ్ల లేఖలు! నిర్వాహకుడు మెలకువతో దించుకొన్నచోట అవి దక్కినవి. నిర్వాహకుడు గతించినచోట, లేదా ఉద్యోగము మారి పాత చిరునామా విడిచిపోయినచోట, సభ్యుల సొంత పెట్టెలలో మిగిలిన తునుకలే మిగిలినవి. 1975 నాటి ఎమ్మెస్జీ గ్రూప్ లేఖలు మాత్రము ఈనాటికిని చదువ దొరకుచున్నవి.

ఫ్లెచరే 2014లో గ్రూప్స్.ఐఓ అను మరియొక సేవను ఆరంభించియుండెను. గడువులోపల మేలుకొన్న గోష్ఠులలో అనేకములు తమ పట్టికలను, పాత లేఖలను మూటగట్టుకొని అచటికి తరలిపోయినవి.