అతిథులెవరు, ఇంటివాళ్ళెవరు?

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరుకి ఢిల్లీలో రెండుసార్లు కుర్చీ దొరికింది. 2000లో కృష్ణంరాజు విదేశాంగ శాఖ సహాయ మంత్రి అయ్యారు. 2012 అక్టోబరు 28న చిరంజీవి స్వతంత్ర హోదాలో పర్యాటక శాఖ సహాయ మంత్రిగా ప్రమాణం చేశారు. ఇద్దరూ సినిమావాళ్ళు గనక జనం నోళ్ళలో ఆ కబుర్లే ఎక్కువ నానాయి. ఆ రెండు శాఖలకీ సాయిబులకీ ఏమిటి సంబంధం అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

మాకు తట్టింది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరిచి చూడండి. దేశం బయటికి చేసే తీర్థయాత్రలు కేంద్ర జాబితాలో 20వ పద్దు. దేశం లోపలి యాత్రలు రాష్ట్ర జాబితాలో 7వ పద్దు. పర్యాటకం అన్న మాట మాత్రం ఏ జాబితాలోనూ లేదు. మక్కాకి పోయే సాయిబు కేంద్రం లెక్క, పక్కూరి ఉర్సుకి పోయే సాయిబు రాష్ట్రం లెక్క. హజ్ వ్యవహారం 2016 దాకా విదేశాంగ శాఖ చూసింది, తర్వాత మైనారిటీ వ్యవహారాల శాఖకి మారింది. మా పెద్ద యాత్ర పర్యాటక శాఖ గడప తొక్కలేదన్నమాట. హజ్ ఆరాధనే గాని విహారం కాదు, నిజమే. మరి కాశీ విహారమా? పూరీ విహారమా? 2014-15లో ఆ శాఖ తీర్థస్థలాల కోసం పెట్టిన పథకంలో అవి ఉన్నాయి. పథకం పేరు కూడా 'ప్రసాద్' అని వచ్చేట్టు కూర్చారు. ఆ జాబితాలో అజ్మీరూ ఉంది, వేళాంకణీ ఉంది. ఉన్నదాన్ని లేదనం.

అసలీ శాఖ చేతిలో ఏముంది? పాత కట్టడాలు చాలావరకు పురావస్తు శాఖవి. రోడ్లు, సత్రాలు, రేవులు రాష్ట్రాలవి. పర్యాటక శాఖకి మిగిలింది రెండే: దేశం బొమ్మ గీసి లోకానికి చూపడం, రాష్ట్రాలకి డబ్బివ్వడం. 1949లో రవాణా శాఖలో చిన్న విభాగంగా పుట్టింది. 1958లో విడి డిపార్టుమెంటయింది. 1966లో హోటళ్ళు నడపడానికి ఐటీడీసీ వచ్చింది. అప్పటి తాపత్రయం విదేశీ మారకం. డాలరు తెచ్చేది తాజ్‌మహల్ గనక పోస్టరు మీద అదే బొమ్మ.

దాన్ని చూసి "మీవాళ్ళు కట్టిందే కదా" అని మమ్మల్ని పొగిడేవాళ్ళున్నారు, అదే మాటతో తిట్టేవాళ్ళూ ఉన్నారు. షాజహాను మాకు తాత కాదు. మా తాతలు దూది ఏకారు, గాజులమ్మారు, మాంసం కొట్టారు, పొలం కౌలుకి చేశారు. గుమ్మటం కట్టించినవాడి కీర్తి మాకు రాదు, వాడి మీది కోపం మాత్రం మా వీధిలోకి వస్తుంది. మొగల్తూరు పేరులో మొగలిపొదను వినేవాళ్ళున్నారు, మొఘలును వినేవాళ్ళున్నారు. వినే చెవిని బట్టి ఊరు మారిపోతుంది.

2002లో 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' వచ్చింది. 'అతిథి దేవో భవ' ప్రచారానికి ఏళ్ళ తరబడి ఆమిర్ ఖాన్ ముఖమయ్యాడు. వచ్చినవాళ్ళని మర్యాదగా చూడండని దేశానికి నేర్పింది ఒక సాయిబే. 2015 నవంబరులో దేశంలో అసహనం పెరుగుతోందని, ఇంట్లో బయటికి వెళ్దామా అన్న మాట వచ్చిందని అతనన్నాడు. వెళ్ళిపొమ్మన్న కేకలు లేచాయి. 2016 జనవరికి ఆ ప్రచారంలో అతను లేడు. ఏజెన్సీతో ఒప్పందం గడువు తీరిందని ప్రభుత్వం చెప్పింది. తీరే ఉంటుంది. ఆ కేకల్లో మాత్రం మాకు బాగా తెలిసిన ఒక సంగతి వినబడింది. అతిథి దేవుడే, కానీ మమ్మల్ని అతిథిగా కూడా ఉంచరు, ఇంటివాడిగానూ ఒప్పరు.

ఇక డబ్బు సంగతి. అదే కాలంలో 'స్వదేశ్ దర్శన్' మొదలైంది. అందులో పదిహేను రకాల సర్క్యూట్లు: రామాయణ, కృష్ణ, బౌద్ధ, తీర్థంకర, తీరప్రాంత, ఇంకా ఎన్నో. సూఫీ అని కూడా ఒకటి రాశారు. మొదటి విడతలో ఆంధ్రకి మూడొచ్చాయి. కాకినాడ, హోప్ ఐలాండ్, కోనసీమ కలిపి ఒకటి, నెల్లూరు తీరం ఒకటి, శాలిహుండం నుంచి అమరావతి దాకా బౌద్ధ సర్క్యూటు ఒకటి. నెల్లూరు దాంట్లో పులికాట్ ఉంది, మైపాడు ఉంది, రామతీర్థం ఉంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి హిందువులూ ముస్లిములూ రొట్టెలు మార్చుకునే బారాషహీద్ దర్గా ఆ ఊళ్ళోనే ఉంది. అది తీరం కాదు గనక లెక్కలోకి రాలేదనుకుందాం. సూఫీ లెక్కలోకైనా రావాలి కదా? ఆ పేరుతో ఆంధ్రకి ఆ విడతలో ఏమీ రాలేదు.

తీరం అంటే ఇసుకేనా? గోల్కొండ కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రానికి ఓడలు పోయేవి, సరుకుతోపాటు హాజీలూ ఎక్కేవారు. మొగల్తూరు పక్కనున్న నరసాపురంలో పదిహేడో శతాబ్దంలో పెద్ద ఓడలు కట్టేవారు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అక్కడికి ఊరికే రాలేదు. ఈ డెల్టా సాయిబుల చరిత్ర సుల్తానుల దండుతోనే మొదలై దండుతోనే ముగియలేదు. రేవులో, సంతలో, మగ్గం దగ్గర నడిచింది. ఇవాళ మొగల్తూరు మండలం పేరుపాలెం తీరానికి ఆదివారం పూట జనం వస్తారు, అలల్లో తడుస్తారు, వేళాంకణి మాతకు దండం పెడతారు, పోతారు. ఎదుటి సముద్రం మీద ఎవరు ఎక్కడికి పోయారో చెప్పే బోర్డు ఒక్కటి కావాలి.

2025 జూన్ 26న రాజమండ్రిలో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. 94.44 కోట్లు, కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, చిరంజీవి తమ్ముడు పవన్ కల్యాణ్ వేదిక మీద ఉన్నారు. హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, కడియం నర్సరీలు మేం విన్న పేర్లు. మంచిదే, హేవలాక్ వంతెన మాకూ ఇష్టమే. అదే ఊళ్ళో పెద్ద మసీదు గుమ్మం మీద ఫార్సీ శాసనం ఉంది. 1324 సెప్టెంబరులో, గియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో, సాలార్ ఉల్వీ కట్టించాడని అది చెబుతుంది. అక్కడ అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదన్న కథనమూ ఉంది. దాన్ని దాచమని మేం అడగం. శాసనంలో ఉన్నది, ఊరు చెప్పుకునేది, ఆ తర్వాత ఏడొందల ఏళ్ళుగా అక్కడ నమాజు చేస్తూ వచ్చిన మామూలు మనుషుల సంగతి, మూడూ తెలుగులో రాసి గుమ్మం పక్కన పెట్టమంటాం. దానికి 94 కోట్లు అక్కర్లేదు.