తలె ముందర తల వంచి

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మధ్యాహ్నం కూత వేస్తే మా క్వార్టర్ల వరసంతా వినపడేది. వేసవి సెలవుల్లో నాయనకు క్యారేజీ మోసుకుపోయే పని నాది. గేటు బయట వేపచెట్టు కింద ఆయనా ఆయన జతగాళ్ళిద్దరూ కూర్చునేవాళ్ళు. వేస్టు కాటన్‌తో చేతుల మడ్డి తుడుచుకుని, కుళాయి దగ్గర కడుక్కుని వచ్చేవాళ్ళు. ఒకాయన అరచేతిలో నీళ్ళు పోసుకుని గిన్నె చుట్టూ తిప్పి విడిచేవాడు. పక్క షాపులో పనిచేసే చాచా ‘బిస్మిల్లా’ అని రొట్టె చేతిలోకి తీసుకునేవాడు. నాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, కళ్ళు మూసి తల వంచేవాడు. పది లెక్కపెట్టేంత సేపు, అంతే. ఆ పది అయ్యేదాకా మిగతా ఇద్దరూ ముద్ద నోట్లో పెట్టేవాళ్ళు కాదు. ఆగమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో అది పది అంకెలతో అయ్యే పని కాదు. మా నాయనమ్మ ప్రార్థన ఎత్తుకుంటే దున్నినవాణ్ని, కోసినవాణ్ని, నాగలి లాగిన ఎద్దును, రేషను కొట్లో తూకం వేసినవాణ్ని వరసగా తలుచుకునేది. రైలింజన్ల మధ్య తిరిగే కొడుకు చెయ్యీ కాలూ కాపాడమనేది. పక్కింట్లో జ్వరంతో పడుకున్న పిల్లదాన్ని పేరు పెట్టి అడిగేది. చివరికి ఈ రాత్రి పొయ్యి రాజేయని ఇళ్ళ దగ్గరికి వచ్చేది. అక్కడ ఆమె గొంతు ఆగేది. ఆ ఆగడంలో మా అన్నం చల్లారిపోయేది.

“ఆకలైతున్నది నాయనమ్మా” అన్నానొకసారి, కళ్ళు తెరవకుండానే.

“తెలుస్తున్నదా బిడ్డా? తెలియనియ్యి. ఆకలి తెల్వకుండ చెప్పిన స్తోత్రం స్తోత్రమెట్లయితది?”

మా ఇళ్ళల్లో ఆ మాటే వాడేవాళ్ళం, ‘స్తోత్రం’. ‘స్తోత్రం చెప్పినవా?’ అంటే భోజనానికి ముందు ప్రార్థన చేశావా అని. నాలుగిళ్ళ అవతల రోమన్ కేథలిక్కుల ఇంట్లో దాన్నే ‘జపం’ అనేవాళ్ళు, నుదుటి నుంచి గుండె మీదికి, భుజాల మీదికి సిలువ గుర్తు వేసుకునేవాళ్ళు. ఎదురు వరసలో ఆంగ్లో ఇండియన్ గార్డు గారింట్లో అది ‘గ్రేస్’. ఆదివారం పూట వాళ్ళింట్లో ఎల్లో రైసు, బాల్ కర్రీ చేసేవాళ్ళు. అందరూ కుర్చీల వెనక నిలబడేవాళ్ళు, పెద్దాయన ఒక్క ఊపిరిలో గ్రేస్ చెప్పేవాడు, అందరూ ఆమెన్ అని కూర్చునేవాళ్ళు. ఒకే వాడలో ఒకే పనికి మూడు పేర్లు. నేను కాలేజీలో చేరాక నాలుగో పేరు కూడా విన్నాను: దొరల దగ్గర నేర్చుకున్న మర్యాద. అన్నవాళ్ళు నా తోటివాళ్ళే. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూనే ఈ ఊరి చరిత్ర చదివాను.

వాళ్ళ మాటలో సగం నిజముంది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అయిన ఈ ఊరు ఇంగ్లీషు దండు కోసం పుట్టింది. దండుతో పాటే మెస్సు వచ్చింది, మెస్సుతో గ్రేస్ వచ్చింది. మారేడుపల్లిలోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సరోజినీదేవి రోడ్డు మీద, ఇప్పుడు బాసిలికా అయిన సెయింట్ మేరీస్ 1850 నాటికి పూర్తయింది. దాన్ని కట్టించిన ఫాదర్ డేనియల్ మర్ఫీ ఐర్లాండు మనిషి. కంటోన్మెంటులోని కేథలిక్కు సిపాయిల్లో ఐరిష్ వాళ్ళుండేవాళ్ళు. ఐర్లాండులో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టి లక్షలమంది చనిపోయిన కరువు 1845లో మొదలైంది. ఇక్కడ ఆ గుడి గోడలు లేస్తున్న రోజులవే. ఆ రోడ్డు మీద నడిచినప్పుడల్లా ఆ సిపాయిలు గుర్తుకొస్తారు. బారకాసులో రొట్టె ముందు సిలువ గుర్తు వేసుకుంటున్నవాడికి ఇంటి దగ్గర తల్లి ఏం తింటున్నదో తెలియదు. అతని జపాన్ని మర్యాద అని కొట్టిపారేయడం నావల్ల కాదు.

మాది వెస్లీ సంఘం. వెస్లీవాళ్ళ భోజన ప్రార్థనకు ఒక వస్తువు సాక్ష్యంగా మిగిలింది. ఇంగ్లండులో పింగాణీ సామాను చేసే జోసయ్యా వెడ్జ్‌వుడ్ జాన్ వెస్లీకి పెద్ద టీ కూజా ఒకటి ఇచ్చాడు. దాని మీద ఒకవైపు తినేముందు చెప్పే ప్రార్థన, రెండోవైపు తిన్నాక చెప్పేది రాసి ఉన్నాయి. ముందుది జాన్ సెనిక్ 1741లో అచ్చువేసిన నాలుగు పాదాల పాట. హాస్టల్లో మేము అర్థం పూర్తిగా తెలియకుండానే, పళ్ళేల ముందు నిలబడి రోజూ పాడిన పాట అదే. చాలా ఏళ్ళ తర్వాత ఆ కూజా బొమ్మ ఒక పుస్తకంలో చూసి, మా హాస్టలు వంటశాల పొగ వాసన తగిలినట్టయింది.

పాట అక్కడినుంచి వచ్చింది, ఒప్పుకుంటాను. ఆకలి మాత్రం ఎవరూ ఓడలో తెచ్చింది కాదు.

1876 నుంచి 78 దాకా దక్షిణ దేశమంతా కరువు. నిజాం రాజ్యానికీ దాని సెగ తగిలింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి అక్కడ కూలి దొరికింది. పనిలోకి వచ్చినవాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు పని జరిగినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా మాట పడక తప్పలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నారని మమ్మల్ని ఇప్పటికీ అంటారు. నన్నూ అన్నారు. గంజి విలువ తెలిసినవాళ్ళమని అనిపించుకోవడంలో నాకు సిగ్గేమీ కనపడదు. గంజి ముందు కళ్ళు మూసి కృతజ్ఞత చెప్పినవాడు గంజిని తేలిక చేయలేదు, తననూ తేలిక చేసుకోలేదు.

మా వైపు కథ మెదక్‌ది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో వచ్చి మొదట తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య పనిచేశాడు. ఆ పని ఆయనకు చాలలేదు, పల్లెల దారి పట్టి మెదక్ చేరాడు. పంటలు పోయి జనం అల్లాడుతున్న ఏళ్ళలో వాళ్ళకు పని కల్పించి, కూలి కింద తిండి ఇస్తూ అక్కడి మహా దేవాలయం కట్టించాడు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. గోపురం ఎత్తు 175 అడుగులు. మా నాయనమ్మ ఆ పనిలోకి పోయినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు కూడా లేవట. తండ్రితో పోయి ఇసుక తట్టలు మోసింది. పొద్దుగూకినాక గింజలు కొలిచి పోసేవాళ్ళట. ఆ గింజలు ఇంటికి తెచ్చి, దంచి, గటక ఉడికించేసరికి రాత్రయ్యేది. ఆ గటక ముందు తండ్రి మొదటిసారి చేసిన ప్రార్థన ఆమెకు చివరిదాకా గుర్తుంది. చదువు రాని మనిషి. పంతులు నేర్పిన మాటలు మరిచిపోయి, ఇంత పెట్టినవు, ఇది చాలు అన్నాడట. తర్వాత ఏడ్చాడట. పిల్లలంతా ఆ ఏడుపు కూడా ప్రార్థనలో భాగమనుకున్నారట.

దీని వెనక ఇంకొకటుంది, దాన్ని దాటిపోతే చరిత్ర తప్పు చెప్పినట్టవుతుంది. మన ఊళ్ళల్లో ఎవరు ఎవరితో కూర్చుని తినాలన్నది పుట్టుకతోనే ఖాయమైపోయేది. కంచం పొత్తు, మంచం పొత్తు లేవనే మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. ఊరి విందులో మావాళ్ళకు పంక్తి లేదు, అందరూ తిన్నాక దూరంగా ఆకు వేసేవాళ్ళు. మాల, మాదిగల మధ్య కూడా కంచం పొత్తు ఉండేది కాదు. క్రైస్తవులయ్యాక సైతం అది వెంటనే పోలేదు. పంక్తి భోజనాల్లో తినేముందు ‘గోవిందా’ అని ఒక్కసారిగా అనడం అందరికీ తెలుసు, ఆ పిలుపు అందరినీ ఒక్క క్షణం ఒకటి చేస్తుంది. ఆ పంక్తిలో చోటు లేనివాళ్ళు వేరే పంక్తి వేసుకున్నారు. పండగనాడు గుడి ఆవరణలో ప్రేమవిందు. చాపలు పరిచి, ఎవరి పక్కన ఎవరని చూడకుండా కూర్చోవాలి. అయ్యగారు ప్రార్థన చేసేదాకా ఎవరూ ముట్టకూడదు. వడ్డన ముందు అందినవాడూ ఆగాలి, చివర అందినవాడి కోసం ఆగాలి. అందరూ కలిసి మొదలుపెట్టేలా చేసింది ఆ ప్రార్థనే. వెనక పంక్తి అన్నది లేకుండా పోయింది.

ఈ పంక్తి విషయంలో దొరలకూ చెప్పవలసి వచ్చింది. సికింద్రాబాద్ నుంచి బెజవాడ పోయే రైలు దారిలో డోర్నకల్ ఉంది. తిరునల్వేలి నుంచి వచ్చి అక్కడ పనిచేసిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి నిలబడి, మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావలసింది స్నేహం అన్న అర్థంలో మాట్లాడాడు. కరచాలనం, కుర్చీ, విందు వాటికవిగా కోరడం లేదని, స్నేహానికి గుర్తుగా అయితే కావాలని అన్నాడు. సభలో చాలామందికి అది నచ్చలేదు. రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఒకే దేవుడికి ఒకే ప్రార్థన చెప్పి, ఇద్దరూ వేరువేరు బల్లల దగ్గర తినడంలోని బాధ ఆయన మాటలో ఉంది. నాయన మమ్మల్ని రైల్లో బెజవాడ తీసుకుపోతూ డోర్నకల్ రాగానే తప్పకుండా కిటికీలోంచి చూపించేవాడు.

అసలు ఈ అలవాటు మొదలు ఇంగ్లండులో లేదు. యూదులు రొట్టె తుంచేముందు దేవుణ్ని స్తుతించేవాళ్ళు, తిని తృప్తి పడ్డాక స్తుతించమని ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. యేసు చేసిందీ ఆ పద్ధతే. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రెయెన్నియోస్ అనే గ్రీకు మతాధికారికి ‘దిదఖె’ అనే చాలా పాత పుస్తకం వ్రాతప్రతి దొరికింది. అందులో తొలి క్రైస్తవుల భోజన ప్రార్థనలున్నాయి. వాటిల్లోనూ చెదిరినవాళ్ళు ఒక్కచోట చేరాలన్న కోరికే ముఖ్యం. నాయనమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు ఇష్టమైంది అపొస్తలుల కార్యాల్లో ఓడ కథ. తుపానులో పద్నాలుగు రోజులు సరిగా తినని 276 మంది మధ్య పౌలు రొట్టె తీసుకుని, అందరి ఎదుట కృతజ్ఞత చెప్పి, తుంచి తినడం మొదలుపెడతాడు. అది చూసి మిగతావాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆ అధ్యాయం నాయన చేత పదేపదే చదివించుకునేది. “గాలి ఇంకా తగ్గనే లేదు సూడు” అనేది. తుపాను ఆగకముందే స్తోత్రం చెప్పాడన్నది ఆమెకు ముఖ్యం.

నోటితో చెప్పే ప్రార్థన కంటే ముందు ఇంకొకటి ఉండేది, పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది అమ్మ. పూటపూటకూ అంతే. ఆదివారం ఆ డబ్బా గుడికి పోయేది. ఆడవాళ్ళ చేతుల మీదుగా ఇలా పోగైన బియ్యం మీద ఎన్నో సంఘాలు నడిచాయి. నెలాఖరున మా ఇంట్లో బియ్యం తక్కువైనప్పుడు అమ్మ పిడికిలి చిన్నదయ్యేది, డబ్బా మూత తీయని పూట మాత్రం లేదు. భోజన ప్రార్థన గురించి రాసేవాళ్ళు దీన్ని వదిలేస్తుంటారు. నాకైతే ఇదే అసలు ప్రార్థననిపిస్తుంది.

ఇప్పుడు ఫంక్షను హాళ్ళలో పాస్టరు గారు మైకులో ప్రార్థన చేస్తుంటే బఫే దగ్గర పళ్ళేలు చేతిలో పట్టుకుని నిలబడతాం. కొందరు కళ్ళు మూస్తారు, కొందరు మూయరు. వాళ్ళను తప్పుపట్టను. ఆగి నిలబడటం అన్నది ఇంకా మిగిలింది, నాకది చాలా పెద్ద సంగతి.

నాయనమ్మ పోయినరోజు సాయంత్రం సమాధి దగ్గర్నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. చాచా వాళ్ళింటి నుంచి అన్నం, ఖట్టీ దాల్ వచ్చాయి. వేపచెట్టు కింద నీళ్ళు విడిచే ఆయన ఇంటినుంచి మజ్జిగ, పప్పు వచ్చాయి. ఆ ఇద్దరూ నాయనకు అటూ ఇటూ కింద కూర్చున్నారు. తలెల్లో వడ్డించారు. ఇంట్లో ఆ ప్రార్థన ఎప్పుడూ చేసేది నాయనమ్మే, ఇప్పుడు ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాం.

“చెప్పు భాయ్” అన్నాడు చాచా. “అమ్మ చెప్పేది కదా.”

పది అంకెల్లో ముగించే మనిషి, ఆరోజు దున్నినవాడి దగ్గర మొదలుపెట్టాడు. కోసినవాడు, నాగలి లాగిన ఎద్దు, తూకం వేసినవాడు, ఆ రెండిళ్ళల్లో వండిన చేతులు. పొయ్యి రాజేయని ఇళ్ళ దగ్గరికి వచ్చాక ఆయన గొంతు ఆమె ఆగినచోటే ఆగింది. అన్నం చల్లారింది. ఎవరూ తలె మీద చెయ్యి వేయలేదు.