పాంబన్ 46 రోజులు: మన మేనేజర్లు చెప్పని సగం కథ

"శ్రీధరన్ ఆరు నెలల పని 46 రోజుల్లో చేశాడు, మీకు రెండు వారాలు చాలవా?" ఈ డైలాగు మీటింగులో మీరూ వినే ఉంటారు.

అసలు జరిగింది చూద్దాం. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను, ధనుష్కోటి చేరబోతున్న పాసింజరు రైలుని వంద మందికి పైగా ప్రయాణికులతో సహా మింగేసింది. 1914 నాటి పాంబన్ వంతెనకి 145 స్పాన్లుంటే, 120కి పైగా కొట్టుకుపోయాయి. ఓడలకి దారిచ్చే షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది.

రైల్వే వాళ్ళు పెట్టుకున్న గడువు ఆరు నెలలు. పై అధికారి దాన్ని మూడుకి కుదించాడు. పని మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన శ్రీధరన్ చేతికొచ్చింది. కొత్త గర్డర్లు చేయించి తేవాలంటే నెలలు పడుతుంది. ఈలోగా, పాతవి సముద్రంలో ఎక్కడున్నాయో జాలర్లు చెప్పారు. వాటిని పైకి తీసి మళ్ళీ స్తంభాల మీద కూర్చోబెట్టారు.

అంటే గడువు తగ్గించినందుకే పని తగ్గలేదండీ! నీళ్ళ గురించి తెలిసినవాడి మాట విన్నారు కాబట్టి తగ్గింది.

ఇంకోటి. ఆ 46 రోజుల లెక్కలో ధనుష్కోటి లేదు. సిలోను స్టీమర్లెక్కే ఆ రేవుకి రైలు మళ్ళీ వెళ్ళలేదు, లైను రామేశ్వరంతోనే ఆగిపోయింది. 2025లో పాంబన్‌కి కొత్త వంతెన కూడా వచ్చింది. ధనుష్కోటి స్టేషన్ మాత్రం ఇంకా మొండిగోడలే.

ఈసారెవరైనా 46 రోజులంటే, "మరి మన జాలర్లెవరు సార్?" అని అడగండి. స్కోపులోంచి ఏ ఊరిని తీసేశారో కూడా అడగండి.