విద్యుత్ గ్రిడ్‌లో లోపాలు – విశ్లేషణ విధానం

వరంగల్ ప్రధాన కేంద్రంగా 2000లో ఏర్పడి, ప్రస్తుతం తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థగా వ్యవహరిస్తున్న డిస్కం పరిధిలో వ్యవసాయ పంపుసెట్లకు సరఫరా చేసే 11 కేవీ లైన్లు పొలాల మీదుగా వెళ్తాయి. ఈదురుగాలులకు తీగ తెగిపడితే సరఫరా వెంటనే నిలిచిపోతుందని పలువురు భావిస్తారు. ఇది అన్ని సందర్భాలలోనూ నిజం కాదని లోపాల విశ్లేషణ తెలియజేస్తోంది.

లోపాల రకాలు

తీగల మధ్య గాని, తీగకు, భూమికి మధ్య గాని ఇన్సులేషన్ విఫలమై విద్యుత్తు దారి తప్పడాన్ని లోపం లేదా ఫాల్ట్ అంటారు. పిడుగులు, చెట్ల కొమ్మలు, పగిలిన ఇన్సులేటర్లు ఇందుకు ముఖ్య కారణాలు. ఒక ఫేజు భూమిని తాకే లోపాలు అత్యధికంగా సంభవిస్తాయి. మూడు ఫేజులూ ఒకేసారి కలిసే లోపం అరుదు.

విశ్లేషణ

అసమాన లోపాలను లెక్కించే పద్ధతిని 1918లో అమెరికాలోని ఇంజనీరు చార్లెస్ ఫోర్టెస్క్యూ ప్రతిపాదించారు. మూడు ఫేజుల కరెంటును ధన, ఋణ, శూన్య అనుక్రమాలుగా విడదీయడం ఇందులోని కీలకాంశం. భూమిలోకి ప్రవహించే కరెంటును శూన్య అనుక్రమం పట్టిస్తుంది. ఈ లెక్కల ఆధారంగానే సర్క్యూట్ బ్రేకర్ల సామర్థ్యాన్ని, రిలేల అమరికను నిర్ణయిస్తారు.

ఉదాహరణకు, 7 శాతం ఇంపెడెన్స్ గల 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు 262 ఆంపియర్లు. దాని సమీపంలో మూడు ఫేజులూ కలిస్తే సుమారు 3,700 ఆంపియర్లు ప్రవహించి బ్రేకర్ తక్షణం తెరుచుకుంటుంది. అదే తీగ పొడి నేలపై పడి, మార్గంలో 600 ఓమ్‌ల నిరోధం ఉంటే ప్రవహించేది దాదాపు 10 ఆంపియర్లే. ఫేజుల మధ్య లోడు హెచ్చుతగ్గులకే సరఫరా ఆగిపోకుండా రిలేను అంతకంటే ఎక్కువ కరెంటుకు అమర్చుతారు. ఫలితంగా తీగలో విద్యుత్తు కొనసాగే ప్రమాదం ఉంది.

ఇందుకు భిన్నంగా, లోపం లేకున్నా రిలే పనిచేయవచ్చు. 2012 జులై 30న బీనా–గ్వాలియర్ 400 కేవీ లైనుపై అధిక భారాన్ని రిలే లోపంగా గుర్తించడంతో లైను ట్రిప్ అయి, ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. అప్పట్లో దక్షిణ గ్రిడ్ హెచ్‌వీడీసీ ద్వారా మాత్రమే అనుసంధానమై ఉన్నందున ఆ ప్రభావం సోకలేదు. 2013 డిసెంబరు 31 నుంచి అది జాతీయ గ్రిడ్‌తో ఏకమైనందున రిలేల అమరికపై సమన్వయం మరింత అవసరమైంది.

జాగ్రత్తలు

తెగిపడిన ప్రతి తీగలోనూ విద్యుత్తు ఉన్నట్లే భావించాలి. కర్రతో సైతం దానిని కదల్చరాదు. పశువులను దూరంగా ఉంచి, వెంటనే 1912 నంబరుకు గాని, సమీప సబ్‌స్టేషన్‌కు గాని తెలియజేయాలి.